నాలుగో జ్వరం

యాత్రికులకు ఊరికే బస ఇచ్చే ఒక వెబ్‌సైటులో మా ఆయన మా ఇంటిని చేర్చినప్పుడు నేను అవుననలేదు, కాదనలేదు. పొద్దున్నే బస్సెక్కి హోసూరులో ఆఫీసు పని చేసుకుని, సాయంత్రం కెలమంగలంలో దిగి ఇల్లు చేరేసరికి అభిప్రాయాలు చెప్పే ఓపిక నాకు మిగలదు. మా ఇంట్లో అభిప్రాయాలు చెప్పేది మా అత్త.

"సుమ్నే పడకేసి, ఊరికే అన్నం పెడితే నీకేమొస్తుందప్పా? సత్రం పెట్టినావా?" అని కొడుకును నిలదీసింది.

"వాళ్ళ సంగతులు మనకు తెలుస్తాయి, మన సంగతులు వాళ్ళకు తెలుస్తాయి. అంతేమా," అన్నాడాయన.

"మన సంగతులు నేను పక్కింటోళ్ళకే చెప్పను," అంది అత్త.

తీరా మనుషులు రావడం మొదలయ్యాక, వాళ్ళతో ఎక్కువ మాట్లాడింది ఆవిడే. ముందు తెలుగులో అడిగేది. వాళ్ళు దిక్కులు చూస్తే అదే మాట కన్నడంలో అడిగేది. అదీ కుదరకపోతే అరవంలోకి దిగేది. ఫ్రాన్సు నుంచి వచ్చిన కుర్రవాడికి ఇన్నిట్లో ఏదో ఒకటి తగలకపోతుందా అని ఆవిడ నమ్మకం. ఆ కుర్రవాడు మాత్రం అన్నిటికీ తల ఊపి, రాగి సంగటి మారు వడ్డించుకున్నాడు.

అత్త పెట్టిన షరతు ఒక్కటే. పురుగులున్న రోజుల్లో బయటివాళ్ళెవరూ రాకూడదు. ఇంటి వెనక షెడ్డులో ఆవిడ పట్టుపురుగులు పెంచుతుంది. అది పూర్తిగా ఆవిడ రాజ్యం. దోమల మందు, సెంటు, అగరొత్తి ఏ వాసన తగిలినా పురుగు చెడుతుందంటుంది. పౌడరు పూసుకుని ఆఫీసుకు వెళ్ళే నన్ను ఆ గడప తొక్కనివ్వదు.

గూడు కట్టేలోగా పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మల్బరీ ఆకు తినడం మాని, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. మావైపు దాన్ని జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం, అలా. నాలుగోదాని నుంచి లేచాక పురుగు తినే తిండికి అంతుండదు. అప్పుడు ఆకు వేళ తప్పితే అంతకుముందు పడ్డ పాటంతా మట్టిపాలు.

సరిగ్గా ఆ నాలుగో జ్వరం వేళకు పోలండ్ నుంచి ఒకామె మెసేజ్ పెట్టింది. సైకిలు మీద తిరుగుతోందట, మాకు దగ్గర్లోని తళిలో ఉందట, మా ఇంటికి రావచ్చా అని. మా ఆయనకు ఎవరినీ కాదనడం చేతకాదు. "ఇంట్లో నాలుగో జ్వరం నడుస్తోంది, లేచాక రండి" అని ఇంగ్లీషులో రాసి, విషయమంతా వివరంగా చెప్పేశానని నిశ్చింతగా కూర్చున్నాడు.

మర్నాడు శనివారం మధ్యాహ్నం ఆమె మా గేటు ముందు సైకిలు దిగింది. మూతికి మాస్కు. సంచీలో కమలాపళ్ళు, జ్వరం మాత్రలు, థర్మామీటరు. వాళ్ళ దేశంలో ముసలివాళ్ళను చూసుకునే హోములో పని చేస్తుందట. ఒకే ఇంట్లో నాలుగోసారి జ్వరమంటే చూస్తూ ఎలా వెళ్ళిపోతానంది.

సంగతి తెలిశాక అత్త నవ్వు ఆపుకోలేక కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె చేత దోమల క్రీము కడిగించి, తలస్నానం చేయించి, షెడ్డులోకి తనే తీసుకెళ్ళింది. తలలెత్తి నిలిచిపోయిన పురుగుల్ని చూపించి "జ్వరం" అంది. "జ్వరం," అని ఆమె పలికింది. ఆమె నేర్చిన మొదటి తెలుగు మాట అదే. పాపం, మన కోసం మందులు మోసుకొచ్చింది, పురుగులు లేచేదాకా ఉండనీ అని అత్తే తన షరతును పక్కన పెట్టింది.

ఆదివారం పొద్దున అత్త చేతి నుంచి కాఫీ లోటా అందుకున్న ఆమె, ఆ చేతిని వెంటనే వదల్లేదు. తర్వాత వంటింట్లో నేనూ మా ఆయనా ఉండగా వచ్చి, కొత్తగా నేర్చిన తెలుగులో, "అమ్మ జ్వరం," అంది.

మా ఇద్దరికీ నవ్వొచ్చింది. "అమ్మకు కాదు, పురుగులకు," అని మా ఆయన మేష్టారులా దిద్దాడు.

"అమ్మ. జ్వరం," అంది మళ్ళీ.

షెడ్డు గుమ్మంలోంచి అత్త అందుకుంది. "పురుగులకేలే. నాకేమైంది, గుండ్రాయి మాదిరి ఉండాను." ఎండలో నిలబడి కూడా శాలువా కప్పుకునే ఉంది. చలిగాలి అనుకున్నాం.

ఆమె మాతో వాదించలేదు. లోపలికి వెళ్ళి థర్మామీటరు తెచ్చి, అత్త చంకలో పెట్టి, చేయి కదలకుండా పట్టుకుంది. అదే పని మేం చేసి ఉంటే అత్త విసిరికొట్టేది. ఇంటికొచ్చిన మనిషి కాబట్టి ఊరుకుంది. అంకె చూశాక మా నవ్వులు ఆగిపోయాయి. నేను నుదురు ముట్టుకుంటే చెయ్యి కాలింది. నాకు భయమేసింది.

"నిన్నటి నుంచే ఉంది కదమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఉంటే? నేను ఆస్పత్రికి పోతే ఇవి లేచినాక ఆకెవరేస్తారు?"

"నేనేస్తా."

"నువ్వా? నాలుగు లేస్తే చాలు, ఆకేస్తావు. మిగిలినవి వెనకబడి సస్తాయి."

"నేను చూసుకుంటా అత్తా," అన్నాను.

"నువ్వు పౌడరు మనిషివి."

అంత జ్వరంలోనూ నా పౌడరు మరిచిపోలేదు. ఒళ్ళు మండింది. మీరు వెళ్తే వెళ్ళండి, లేకపోతే లేదు అని అరిచాను కూడా. అత్త నన్ను పట్టించుకోకుండా పోలండ్ ఆమెను చూపించింది. "ఈయమ్మ వేస్తుంది. చెప్తే వింటుంది."

ఆమెను పురుగుల తట్టల దగ్గరికి తీసుకెళ్ళి, లేవడమంటే ఏమిటో సైగలతో చూపించి, "లేచినాయి" అనే మాట నేర్పింది. కొన్ని లేస్తే ఆకు వెయ్యకూడదు. అన్నీ లేవాలి. "అన్నీ," అని రెండు చేతులూ చాపి చెప్పి, అప్పుడు మా ఆయన పిలిపించిన కారెక్కింది.

హోసూరు ఆస్పత్రిలో చేర్చుకుని సెలైను పెట్టారని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదన్నారని మా ఆయన ఫోను చేశాడు. నేను తలస్నానం చేసి, పౌడరు లేని మొహంతో మొదటిసారి ఆ గడప దాటాను.

మరుసటి రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. ముందు ఒక తట్టలో కొన్ని కదిలాయి. ఆకలితో అటూ ఇటూ వెతుక్కుంటున్నాయి. చూడలేక ఆకు కట్ట మీదికి చెయ్యి పోనిచ్చాను. పోలండ్ ఆమె నా మణికట్టు పట్టుకుంది. "అన్నీ," అంది. నాకు కోపమొచ్చింది, కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అన్నీ లేచేదాకా ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చున్నాం. తర్వాత ఆకు పరిచాం.

అప్పుడే ఆస్పత్రి నుంచి అత్త ఫోను. గొంతు నీరసంగా ఉంది. ఎలా ఉన్నారని నేనడిగేలోపే, "లేచినాయా?" అంది.

ఫోను ఆమెకిచ్చాను. "లేచినాయి అమ్మా. అన్నీ," అని చెప్పి, ఆమె ఫోనును తట్ట మీదికి వంచి పట్టుకుంది. వేల పురుగులు ఆకు కొరికే చప్పుడు షెడ్డంతా నిండి ఉంది. అత్త ఏమంటుందోనని ఫోను తీసుకుని చెవికి పెట్టుకున్నాను.

"నాకూ జ్వరమే ఉండింది," అంది అత్త. "ఆయమ్మకు చెప్పు."