ముప్పై నంబరు గుళ్లు

ఆ రోజుల్లో మా వైపు మందు అనే మాటకు అర్థాలు మరీ ఎక్కువ. జ్వరానికి వేసుకునేదీ మందే, మామిడి తోటకు కొట్టేదీ మందే, సాయంత్రం పెద్దమనుషులు గ్లాసులో పోసుకునేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. గుళ్లూ అంతే. ఇలాంటి భాషలో డిగ్రీ తప్పినవాణ్ణి ఒంటరిగా బజారుకు పంపడం పెద్దల తప్పు కాదంటారా? (నా తరఫు వాదన ఇంతే. ఆ తర్వాత చేసిన వెధవ పని పూర్తిగా నాదే.)

డిగ్రీ పోగానే నాన్న నన్ను ముసునూరు దగ్గర మా మేనమామ మామిడి తోటకు తోలేశాడు. "మావయ్య ఉంచుకుంటే ఉండు, పొమ్మంటే మాత్రం నా గుమ్మం ఎక్కకు" అన్నాడు. నాకేమో ఉండిపోవాలని మహా కోరిక. చిన్నరసాలున్నాయి, మరదలు ఉంది, ఇంకేం కావాలి? మావయ్యకు వాళ్ల నాన్న నాటి లైసెన్సు రివాల్వరు ఒకటుండేది. కాయల మీద పడే చిలకల కోసం దానికి తూటాలు తనే తయారు చేసుకునేవాడు, పెద్ద గుండుకు బదులు సన్న గుళ్లు పోసి. ఆ తూటాల సామాను పెట్టె జోలికి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు.

ఓ రోజు పిలిచాడు. "ఒరేయ్, జంక్షన్ వెళ్లి ముప్పై నంబరు గుళ్లు పట్రా. షాపాయనకి నా పేరు చెప్పు. ఇదీ తగలేశావంటే అట్నుంచటే మీ ఊరి బస్సెక్కెయ్." ఏ షాపో అడగడానికి భయం. హనుమాన్ జంక్షన్‌లో నాకు తెలిసిన గుళ్ల కొట్టు ఒక్కటే, మా అత్తయ్య మోకాళ్లకు మందిచ్చే హోమియో డాక్టరుగారిది. "ముప్పై నంబరా? మావయ్యగారికి ఏంటి బాధ?" అన్నారాయన. "చిలకలండీ" అన్నాను. ఆయన కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, రెండు సీసాలు ఇచ్చారు.

ఇంటికొచ్చాక మా మరదలు నాలుగు గుళ్లు నోట్లో వేసుకుంది. "బావా, తియ్యగా ఉన్నాయి! నాన్న చిలకల్ని కొడతాడా, మేపుతాడా?" తుపాకీ గుళ్లు తియ్యగా ఉండవని అప్పుడు వెలిగింది నాకు. మళ్లీ వెళ్దామంటే బస్సు లేదు, పొద్దున్నే కాయ చూడటానికి నూజివీడు షావుకారు వస్తున్నాడు. నా ఏడుపు మొహం చూసి ఆ పిల్ల కాటుక భరిణె తెచ్చింది. పళ్లెంలో గుళ్లు దొర్లిస్తూ, నవ్వు బయటికి రాకుండా ఓణీ నోట్లో కుక్కుకుని, అన్నిటినీ నల్లగా నిగనిగలాడించింది. మావయ్య గుప్పిట్లో పట్టి ఊపాడు. "తేలిగ్గా ఉన్నాయేంట్రా?" "కొత్త రకం అంట మావయ్యా." "ఓహో" అని తీసుకెళ్లి తూటాల్లో పోసేశాడు.

పొద్దున తోటలో, "చూస్తూ ఉండండి షావుకారు గారూ, ఒక్క దెబ్బకి ఎన్ని రాలతాయో!" అని మావయ్య కొమ్మ మీదికి గురిపెట్టాడు. ఢాం! చిలకలు గోలగోలగా లేచి, ఓ చుట్టు తిరిగి, మళ్లీ అదే కొమ్మ మీద వాలాయి. రాలింది బూడిదరంగు పొడి ఒక్కటే, అదీ షావుకారు తెల్ల లాల్చీ మీద. ఆయన మీసం నాక్కుని, "పంచదారలా ఉందేంటండీ?" అన్నాడు. మా మరదలు ఇక ఆపుకోలేక గట్టు మీద కూలబడి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, చచ్చేంత భయంతోనే.

మావయ్య జేబులో మిగిలిన గుళ్లు తీసి నోట్లో వేసుకున్నాడు, తన వేళ్లకంటిన నలుపును చెయ్యి బారచాపి దూరంగా పెట్టుకుని చూశాడు. "బట్టలు సర్దుకోరా" అన్నాడు.

"కాటుక నాది నాన్నా" అంది మరదలు.

మావయ్య ఆ వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. "నల్లరంగు పూస్తే నాకు తెలీదని మీకెలా తెలుసే?" అన్నాడు.

ఇద్దరం నేల చూపులు చూశాం. ఏడాదిగా ఆయనకు దగ్గరి వస్తువు ఆనడం లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరికీ తెలీదనుకున్నది ఆయన ఒక్కడే. షావుకారు దగ్గి, చెట్లు చూసే నెపంతో అవతలికి వెళ్లిపోయాడు. మావయ్య రివాల్వరును గుడ్డలో చుట్టాడు. "రేపట్నించి తోటలోకి నువ్వు ముందు నడువు. నేను వెనకాల వస్తా" అన్నాడు. నన్ను ఉంచుకున్నాడు! గంతులేయాలనిపించింది, కానీ ఆయన మొహం చూసి వేయలేకపోయాను.

ఇప్పుడు నాకు ఆనాటి మావయ్య కంటే ఎక్కువ వయసే. మొన్న కాఫీలో నేనే పంచదార అనుకుని చెంచాడు ఉప్పు వేసుకుని, తాగి, "బ్రహ్మాండం" అన్నాను. మా ఆవిడ (ఆ మరదలే లెండి) నవ్వలేదు. కళ్లజోడు తెచ్చి, నా పక్కన పెట్టి వెళ్లింది.