నేను పెట్టిన టిక్కు

నాకు గొంతు పెద్దది. గుంటూరులో మా ఇంట్లో పెరుగు వడ్డించమని అడిగినా పక్కింటివాళ్ళు ఏదో గొడవ జరుగుతోందనుకునేవారు. అలాంటి నేను, ఒక నల్లజాతి అమ్మాయి గట్టిగా మాట్లాడిందని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

అమెరికా మొదటిసారి నల్లజాతి అధ్యక్షుణ్ణి ఎన్నుకున్న ఏడాది అది. ఇక వివక్ష ఎక్కడుందని మా క్లాసులో తెల్లపిల్లలు తెగ ఆశ్చర్యపోయేవారు. నేను నార్త్ కరొలైనాలో ఎమ్మెస్ చేస్తూ, ఫీజు మాఫీ కోసం డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్లో, ఒక అంతస్తు చూసుకునేదాన్ని. ఇరవై ఒకటి దాటినవాళ్ళు గదిలో మందు తాగొచ్చు, గోల చెయ్యకూడదు. ఫిర్యాదు వస్తే నేను వెళ్ళి తలుపు కొట్టాలి, సీసా సింకులో పారబోయించాలి, ఫారం నింపాలి. ఫారం చివర రెండు గళ్ళు ఉండేవి: 'సహకరించారు', 'దురుసుగా ప్రవర్తించారు'. రెండింట్లో ఒకటి టిక్కు పెట్టాలి.

ఆ శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్. పొద్దుటి నుంచే పార్కింగ్ నిండా బీరు డబ్బాలు, కేకలు. సెక్యూరిటీ వాళ్ళు నవ్వుతూ చేతులూపి వెళ్ళిపోతున్నారు. మధ్యాహ్నం నాకు ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది, మా అంతస్తు చివరి గది మీద. ఆ గదిలో ఉండేది ఆఖరి ఏడాది చదువుతున్న నల్లజాతి అమ్మాయి. ఒక్కతే కూర్చుని పాటలు పెట్టుకుని వైన్ తాగుతోంది. పారబొయ్యమన్నాను.

"కింద పార్కింగ్‌లో ఎవరు పారబోయిస్తున్నారు? ముందు అక్కడికెళ్ళు!" అని అరిచింది. అరుస్తూనే సీసా సింకులో ఒంపేసింది.

నేను 'దురుసుగా' మీద టిక్కు పెట్టి అన్నానికి వెళ్ళిపోయాను.

వారం తర్వాత విచారణ నోటీసు పట్టుకుని నా గదికొచ్చింది. తీర్పు తనకి వ్యతిరేకంగా వస్తే గది ఖాళీ చెయ్యాలి. ఇల్లు మూడు గంటల దూరం, కారు లేదు. గది పోతే డిసెంబర్‌లో రావలసిన పట్టా రాదు.

"రెండు గ్లాసులు తాగాను, కాదనను. ఆ ముందురోజు మా ప్రొఫెసర్ నా పేపర్ పైకెత్తి, ఇది నిజంగా నువ్వే రాశావా అని క్లాసందరి ముందూ అడిగాడు. నాలుగేళ్ళలో అది మూడోసారి. అలాంటి రోజుల్లో తాగుతాను. సరే. కానీ దురుసేంటి? నిన్ను తిట్టానా? చెయ్యెత్తానా?"

"లేదు. గట్టిగా మాట్లాడావు."

"నువ్వు మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడేది రోజూ నా గదిదాకా వినిపిస్తుంది. నేనెప్పుడైనా కంప్లైంట్ ఇచ్చానా?"

నా తల కొట్టేసినట్టయింది. తను వెళ్ళాక ఆ సెమిస్టర్‌లో నేను నింపిన ఫారాలన్నీ తీశాను. మెట్ల మీద సీసాలు పగలగొట్టిన తెల్లకుర్రాళ్ళు, 'సహకరించారు'. నన్ను చూసి నా యాసని వెక్కిరించినవాడు, అతనూ 'సహకరించారు'. అన్నీ నా చేతిరాతే.

ఆదివారం దగ్గర్లోని మోరిస్‌విల్‌లో తెలిసిన తెలుగు అంకుల్ వాళ్ళింటికి భోజనానికెళ్ళి సంగతి చెప్పాను.

"నీకెందుకమ్మా ఈ గోల? వీసా మీద ఉన్నావ్, ఏదన్నా ఇష్యూ అయితే ఎవడొస్తాడు? సైలెంట్‌గా ఉండు."

"టిక్కు పెట్టింది నేనే కదా అంకుల్."

"అయితే మాత్రం? తాగిందా లేదా? వాళ్ళంతా అంతేనమ్మా."

ఆయన చేతిలో స్కాచ్ గ్లాసుంది. అది మధ్యాహ్నం ఒంటిగంట. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీది ఎన్నో గ్లాసు అంకుల్?" అన్నాను. ఆంటీ గబగబా పప్పు వడ్డించింది. ఆ ఇంటికి నేను మళ్ళీ వెళ్ళలేదు, వాళ్ళూ పిలవలేదు.

విచారణకి ముందు మా సూపర్‌వైజర్ నన్ను పక్కకి పిలిచి, రాసినదానికి కట్టుబడి ఉన్నానని చెబితే చాలు, పని అయిపోతుంది అంది. నేను లోపలికెళ్ళి నా ఫారాలు ఒక్కొక్కటే పైకి చదివాను, నా గొంతు ఎంతుందో అంత గొంతుతో. బల్ల అవతలి ముగ్గురిలో ఒకాయన అడ్డుపడ్డాడు.

"అంటే, నువ్వు వివక్ష చూపించానని నీ మీద నువ్వే ఫిర్యాదు చేస్తున్నావా?"

"అవును. రాసుకోండి. ఏ గడిలో పెట్టాలో మీరే చూసుకోండి."

ఆ అమ్మాయి గది నిలిచింది. తర్వాతి సెమిస్టర్‌కి నా ఉద్యోగం నిలవలేదు. ఇవాళ్టికీ నాకు దాని గురించి చింత లేదు.

విచారణ అయిన రోజు బయట వరండాలో ఆ అమ్మాయి నాకోసం ఆగింది.

"థాంక్స్ చెప్పను."

"చెప్పొద్దు."

"ఇంకోటి. వాళ్ళు నన్ను అవమానించిన రోజు ఇక తాగను. నా గ్లాసు కూడా వాళ్ళ చేతుల్లో పెట్టను. నాకు సంతోషంగా ఉన్న రోజు తాగుతాను, తలుపు బార్లా తీసి."

డిసెంబర్‌లో పట్టా అందుకున్న మధ్యాహ్నం అన్నంత పనీ చేసింది. వాళ్ళమ్మ, ఇద్దరు పిన్నులు, ఒక వైన్ సీసా, తెరిచిన తలుపు. నన్నూ లోపలికి లాగారు. అరగంటలో ఫిర్యాదు వచ్చింది. ఆ ఉద్యోగంలో నేను నింపిన ఆఖరి ఫారం అదే. రెండు గళ్ళూ ఖాళీగా వదిలేసి, కింద ఇలా రాశాను: "చాలా గట్టిగా నవ్వారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. గొంతు తగ్గించమని ఎవరినీ అడగలేదు." సంతకం పెట్టి, సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టి వచ్చాను.