ముగ్గురు ఎర్రయ్యలు, ఒకటే బొమ్మ

2008లో నేను టెక్కలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. క్లాసులయ్యాక ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, పలాసలో ఒక నర్సింగ్‌హోమ్‌కి వారానికోసారి వచ్చే మూర్ఛల డాక్టరుగారికి లెక్కలు చేసిపెట్టేదాన్ని. మా అమ్మ నన్ను అనుమానప్పక్షి అనేది. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే రకాన్ని మరి. ఆ గుణం ఈ పనికి బాగా పనికొస్తుందని లోలోపల గర్వపడేదాన్ని కూడా.

పని ఇది. తలకి జిగురుతో పందొమ్మిది ఎలక్ట్రోడ్లు, అంటే చిన్న లోహపు బిళ్లలు, అంటించి మెదడులో పుట్టే కరెంటు అలల్ని రికార్డు చేస్తారు. అదే ఈఈజీ. ఏ రెండు చోట్ల అలలు కలిసి లేచి కలిసి పడుతున్నాయో లెక్కగట్టి, ఆ రెండు చుక్కల మధ్య గీత గీస్తే మెదడు నెట్‌వర్క్ బొమ్మ వస్తుంది. మనిషికొక బొమ్మ. వాటిని ఆర్ అనే ప్రోగ్రాములో గీసేదాన్ని. ఒక్కొక్కటే గీసి దాచుకుంటూ కూర్చుంటే తెమలదు కాబట్టి లూప్ రాసుకున్నాను. ఒకరి రికార్డు తెరవడం, వాళ్ల పేరుతో బొమ్మ ఫైలు తెరవడం, గీయడం, ఫైలు మూయడం, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లడం, అన్నీ అదే చేసుకుపోతుంది. ఫైలు మూయకపోతే బొమ్మ పాడవుతుంది. నా అనుమానమంతా ఎప్పుడూ ఆ మూసే లైను మీదే.

పోల్చి చూడటానికి మూర్ఛలు లేనివాళ్లు కూడా కావాలి. డాక్టరుగారు రోగుల చుట్టాలనే బతిమాలి కూర్చోబెట్టేవారు. ఈ బొమ్మలు తన పరిశీలనకే గానీ వీటిని బట్టి మందులు మార్చనని అందరికీ చెప్పేవారు. కానీ జుట్టంతా జిగురు పూయించుకున్నవాళ్లు ఊరికే పోతారా? మా బొమ్మ మాకివ్వండని అడిగి మరీ పట్టుకెళ్లేవారు. ప్రింట్లు తీసిచ్చేది ఈఈజీ టెక్నీషియన్ సూరిబాబు.

ఒక శనివారం మధ్యాహ్నం ఒకామె మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. పేరు నీలమ్మ. ఉద్దానం తీరంలో చేపల వేట చేసుకునే ఊరి నుంచి, పలాసలో సూరిబాబుని అడిగి, రెండు బస్సులు మారి వచ్చింది.

"మెదడు బొమ్మలు గీసిన మేడమ్మవి నువ్వేనామ్మా?" అంటూ జాకెట్లోంచి మడతలు తీసి మూడు కాగితాలు అరుగు మీద పరిచింది. "సూడు. మూడు కాయితాలు, ముగ్గురు మనుసులు. ముగ్గురికీ ఒకటే మెదడేటమ్మా?"

మూడింటి మీదా ఎర్రయ్య అనే ఉంది. ఒక్క గీత తేడా లేదు. ఒకే కాగితాన్ని జిరాక్సులు తీయించి నన్నేదో సర్టిఫికెట్ అడగడానికి వచ్చిందనుకున్నాను.

"ఎవరీ ఎర్రయ్య?" అన్నాను కాస్త కరుగ్గా.

"ఎవురేటి, ముగ్గురూని. మా మావ, ఆల పెదనాన్న కొడుకు, సిన్నాన్న కొడుకు. తాత పేరమ్మా. మూడిళ్లలోనూ పెద్దోడికి అదే ఎట్టినారు. ఊర్లో పెద్దెర్రయ్య, నడిపెర్రయ్య, సిన్నెర్రయ్య అంటారు. మా మావ నడిపోడు."

మూర్ఛలు ఆమె భర్త నడిపి ఎర్రయ్యకే. తక్కిన ఇద్దరూ పోల్చడానికి కూర్చున్నవాళ్లు. నడిపి ఎర్రయ్య సముద్రం మీద ఒకసారి మూర్ఛ వచ్చి తెప్పలోనే పడిపోయాడట. అప్పటి నుంచి జతగాళ్లు ఎక్కించుకోవడం లేదు.

"ఇప్పుడీ కాయితాలు పక్కపక్కనెట్టి, నా మెదడూ ఆల్ల మెదడూ ఒక్కనాగే ఉంది, నాకే రోగమూ నేదంటన్నాడు. మాత్రలు మానేసినాడు. తెప్పోల్లు కూడా సూసి సోమారం ఏటకి రమ్మన్నారు. నాను నమ్మనమ్మా. నురగలు కక్కుతుంటే తల ఒళ్లో ఎట్టుకున్నది నాను. అందుకే సెప్పకుండా అట్టుకొచ్చీసినాను."

"కంప్యూటర్ అబద్ధం చెప్పదమ్మా," అన్నాను.

"అయితే మరెవురు సెప్పినట్టు?"

నాకు వెంటనే తోచింది సూరిబాబే. ఫోన్ చేసి, ముగ్గురికీ ఒకే రికార్డు అంటగట్టావా అని దులిపేశాను.

"నాను ఇరవైమూడు రికార్డులు ఇచ్చినాను మేడమ్," అన్నాడు. "మీ పెన్‌డ్రైవ్‌లో ఎర్రయ్య బొమ్మ ఒకటే ఉంది. ముగ్గురూ అడిగితే అదే తీసిచ్చినాను. మీ బొమ్మలెన్నో మీరే లెక్కెట్టుకోండి."

లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. అన్ని వారాల్లో నేను చేయని పని అదొక్కటే.

నీలమ్మని పక్కన కూర్చోబెట్టి లూప్ మళ్లీ నడిపి, ఫైళ్లు పుడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎర్రయ్య ఫైలు వచ్చింది. కాసేపటికి దాని పక్కనున్న టైము మారింది. మళ్లీ మారింది. తప్పు జరిగిందని తెర మీద ఒక్క మాట రాలేదు. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే ఆర్ మనల్ని అడగదు, దాని మీదే కొత్త బొమ్మ రాసేస్తుంది. ఒక ఎర్రయ్య మీద ఇంకో ఎర్రయ్య, ఆయన మీద మూడో ఎర్రయ్య. ఆఖరికి మిగిలింది చివరగా వచ్చిన ఎర్రయ్య ఒక్కడే.

పేరుకి ముందు రికార్డు నంబరు చేర్చి నడిపాను. ఇరవైమూడు వచ్చాయి. ఎర్రయ్యలు ముగ్గురూ బయటపడ్డారు. ఒక బొమ్మలో ఎడమవైపు గీతలు లావుగా ముద్దకట్టి ఉన్నాయి. అది ప్రింటు తీసి, ఇదేనమ్మా మీ ఆయనది అన్నాను.

ఆమె చెయ్యి చాచలేదు. "ఇది మా మావదని నీకెవురు సెప్పినారు?"

నిజమే. గీతలు లావుగా ఉన్నాయని నేనే అనేసుకున్నాను. బతిమాలుకుని సూరిబాబుకి మళ్లీ ఫోన్ చేశాను. రిజిస్టరులో ఎర్రయ్యలవి మూడు నంబర్లు, ఏడో నంబరు ఒక వారం తీసింది, పదిహేను, పదహారు తర్వాతి వారం తీసినవి అన్నాడు.

"మా మావ ముందెల్లినాడు. ఆల్లిద్దరూ తరవాత వారం ఒక బస్సులో ఎల్లినారు," అంది నీలమ్మ. ముద్దకట్టిన బొమ్మ నంబరు ఏడు. అప్పుడు తీసుకుంది.

డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. కోప్పడ్డారు. మాత్రలు వెంటనే మొదలుపెట్టాలని, తను చూసేదాకా అతను నీళ్ల మీదికి వెళ్లకూడదని నీలమ్మకి చెప్పమన్నారు. చెప్పాను.

"ఈ కాయితం మా మావకి సూపను, సింపేత్తాడు. ముందు తెప్పోల్లకి సూపిత్తాను," అని జాకెట్లో దోపుకుని వెళ్లిపోయింది.

తర్వాత వారం క్షమాపణ చెప్పడానికి పలాస వెళ్లాను. సూరిబాబు కుర్చీ చూపించలేదు. అయినా కబురు మాత్రం చెప్పాడు. సోమవారం నడిపి ఎర్రయ్య లేకుండానే తెప్ప వెళ్లిందట. అతను ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ మాత్రలు వేసుకుంటున్నాడట. పెళ్లాంతో మాత్రం మాట్లాడటం లేదట.

ఇప్పటికీ ఏ లూపైనా గొడవ లేకుండా ముగిస్తే నాకు భయమే. ముందు ఫైళ్లు లెక్కపెడతాను. లెక్క సరిపోయాక, ఇది ఈ మనిషిదేనని నాకెవరు చెప్పారని అడుగుతాను. మొదటిది సూరిబాబు నేర్పింది. రెండోది నీలమ్మ.