రేవులో కడిగిన డ్రమ్ము

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒక నది కోసం ఒక ఊరు రెండుగా చీలిపోయిన కథ. ఇందులో విషం ఉంది, రక్తసంబంధం ఉంది, తెల్లబట్టలు కట్టుకున్న కన్య ఉంది, తెల్లవారేసరికి నీళ్ళమీద తేలిన శవాలున్నాయి. చదివాక మీకు అన్నం సయించదు.

అబద్ధం. అది నది కాదు, వాగు. ఊరు చీలలేదు, చీలేంత తీరిక ఊరికి లేదు, అది తోటలకు మందు కొట్టే కాలం. తెల్లబట్టల కన్య మా చెల్లి, చిలకలూరిపేటలో డిగ్రీ చదువుతోంది, అన్నం విషయంలో నాతో పోటీ పడుతుంది. శవాలు వేలెడంత చేపపిల్లలవి. ఇక అన్నం సంగతంటే, అవి తేలిన రోజు మధ్యాహ్నం నేనే మారు వడ్డించుకున్నాను. అన్నం అరిగింది. కోపం ఇంకా అరగలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరికి ఇటు మిరప, అటు పత్తి, మధ్యలో వాగు. వాగుకు ఒక రేవు, రేవులో ఒక నల్లరాయి. మా సంఘంలో బాప్తిస్మాలన్నీ ఆ రాయి పక్కనే. అమ్మమ్మ అక్కడే మునిగింది. అమ్మ అక్కడే మునిగింది. నేనూ అక్కడే మునిగి, ప్రార్థన మధ్యలో నోరు తెరిచి, కడుపునిండా నీళ్ళు తాగి, దగ్గుతూ కొత్త జీవితంలోకి ప్రవేశించాను. అప్పుడు ఆ నీళ్ళు తాగినా ఏమీ కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే అద్భుతమంటే అదేననిపిస్తుంది.

మా అమ్మ మిరపకోతలకు పోతుంది. ఆమె అడిగేవి చాలా తక్కువ. చీర అడగదు, పండక్కి ఏం కావాలంటే నడుంనొప్పి బిళ్ళలు తెమ్మంటుంది. అలాంటి మనిషి ఒక్కటి పట్టుకుని కూర్చుంది: కూతురి బాప్తిస్మం అదే రేవులో, అదే రాయి పక్కన జరగాలి. సంఘంలో కుర్రాళ్ళు చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టిద్దామంటే ఒప్పుకోలేదు. "తొట్లో ముంచడానికి అదేమన్నా బట్టలా," అంది. పాస్టర్‌గారు కూడా నవ్వి ఊరుకున్నారు.

అయితే వాగు మునుపటి వాగు కాదు. కొన్నేళ్ళ కింద దిగువన చెక్‌డ్యాం కట్టారు. నీటి సంరక్షణ అని పలక కూడా వేశారు. మంచి పనే, నిజంగానే చెప్తున్నాను, ఎండిపోయిన బోర్లలో నీళ్ళు పడ్డాయి. కానీ పారే నీళ్ళు నిలబడ్డాయి, ఆ సంగతి ఊరి చేతులకు ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళో వదిలించుకోవాల్సింది ఏదైనా వాగులో వెయ్యడం అలవాటు. పొద్దున వేస్తే సాయంత్రానికి అది కింద ఊరివాళ్ళ సమస్య. ఇప్పుడు వేసింది వేసినట్టే మన దగ్గరే ఉంటుంది, దాచిపెట్టినట్టు. సంరక్షణంటే అదే కాబోలు.

నేను మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. అది గ్రీన్ బిల్డింగ్. లిఫ్టు పక్కన ఆ మాట చెక్కిన పలక ఉంటుంది. కుళాయి కింద చెయ్యి పెడితే కాసేపు ఆలోచించి, మన అర్హత చూసి, కాసిని నీళ్ళు వదులుతుంది. గోడలకు మొక్కలు పెంచుతారు. ఏడాదికోసారి అందరం ఏదో ఒక నీటి ఒడ్డుకు వెళ్ళి చెత్త ఏరుతాం. పోయినసారి వాడరేవు వెళ్ళి, ఏరిన చెత్త కంటే ఎక్కువ బరువు చేపల వేపుడు తిని వచ్చాం. ఈసారి మా వాగుకు రమ్మని నేనే అడిగాను. చెల్లి బాప్తిస్మం అనలేదు, గ్రామీణ జలవనరు అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు.

బాప్తిస్మానికి వారం ముందు శనివారం వచ్చారు. నదులను కాపాడుదాం అని రాసిన టీషర్టులు, ఒక్కొక్కటి ఒక్కొక్క ప్లాస్టిక్ కవరులో. వెటకారమెందుకు, పని మాత్రం బాగా చేశారు. ఏసీలోనే పుట్టినట్టుండే మా టీమ్ లీడర్ మోకాటి లోతు బురదలో దిగి పురుగుమందు సీసాలు ఏరుతుంటే, ఊరు ఊరంతా గట్టుమీద నిలబడి పెళ్ళి చూసినట్టు చూసింది. సీసాలు, డబ్బాలు, పొడి కవర్లు అన్నీ కొత్త గోతాల్లో కుక్కి మూతులు కట్టారు. సాయంత్రానికి రేవు నా చిన్నప్పటి రేవులా ఉంది. అమ్మ వచ్చి రాయిమీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టు.

ఆ గోతాలు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. పంచాయతీ చెత్త ట్రాక్టరు వాళ్ళు చూసి, ఇవి తడి చెత్తా కాదు పొడి చెత్తా కాదు, విషం, మాకు సంబంధం లేదన్నారు. వ్యవసాయ ఆఫీసులో అడిగితే చెత్త కాబట్టి పంచాయతీ అన్నారు. ఆఫీసువాళ్ళు ఫొటోలు దిగి బస్సెక్కారు. గోతాలు గట్టుమీద వరసగా నిలబడ్డాయి.

బాప్తిస్మం దాకా సెలవు పెట్టి నేను ఊళ్ళోనే ఉండిపోయాను. సోమవారం పొద్దున చూస్తే గోతాలు లేవు. సీసాలున్నాయి. ఎవరో మూతులు విప్పి, సీసాలు గట్టుమీద కుమ్మరించి, గోతాలు దులిపి, మడిచి ఇంటికి పట్టుకెళ్ళారు. కోతల ముందు మా వైపు మనిషికి కొత్త గోతం కనపడితే చెయ్యి ఆగదు. వాటిలో మిరపకాయలు తొక్కి గుంటూరు యార్డుకు పంపి ఉంటారు. అవి ఎవరింట్లో ఏ పచ్చడిలో పడతాయో నాకు తెలియదు. నేను మాత్రం అప్పట్నుంచి పచ్చడి వేసుకునే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాను, మా ఆఫీసు కుళాయిలాగా. ఆ సాయంత్రం సీసాలన్నీ నేనే మళ్ళీ ఏరాను, ఈసారి చిల్లులు పడ్డ గోతాల్లో. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

శనివారం వచ్చింది. తెల్లవారితే బాప్తిస్మం. మధ్యాహ్నం, మెట్లకు పట్టిన నాచు గీకుదామని రేవుకు వెళ్ళాను. అక్కడ మావయ్య ఉన్నాడు.

మావయ్యంటే అమ్మకు సొంత అన్న. మిరప, మొక్కజొన్న కౌలుకు చేస్తాడు. సంఘంలో పెద్ద. మర్నాడు పాస్టర్‌గారితో పాటు నీళ్ళలో నిలబడి చెల్లి చెయ్యి పట్టుకోవాల్సింది ఆయనే. ఆ చేతులతో ఆయన నల్లరాయి పక్కన నీలం డ్రమ్ము కడుగుతున్నాడు. మొక్కజొన్నలో కలుపు మందు కొట్టిన డ్రమ్ము అది. ఎల్లుండి అందులోనే మిరపకు మందు కలపాలి. కలుపు మందు కాస్త మిగిలినా మిరప తోట ముడుచుకుపోతుంది. అందుకని సబ్బు పొడి వేసి, కొబ్బరి పీచుతో రుద్ది, వాగులో ముంచి, తిప్పి, కుమ్మరించి, మళ్ళీ ముంచుతున్నాడు. మా అత్త పాయసం గిన్నె కూడా అంత శ్రద్ధగా తోమదు. నురగ రాయి చుట్టూ తిరిగి, పోవడానికి దారి లేక అక్కడే కూర్చుంది.

"ఏంటి మావయ్యా ఇది?"

"డ్రమ్మురా."

"రేపు చెల్లి ఇక్కడే దిగుద్ది."

"రేపటికి పోద్దిలేరా. పారే నీళ్ళేగా."

"ఎక్కడికి పోద్ది? కింద చెక్‌డ్యాం ఉందిగా. దాని ఓపెనింగుకి షామియానా నువ్వేగా వేయించింది."

మావయ్య దిగువకు చూశాడు, చెక్‌డ్యాం నిన్న రాత్రి ఎవరో తెచ్చి పెట్టినట్టు. చూసి, మళ్ళీ పీచు అందుకున్నాడు. నేను వదల్లేదు. చేలో బోరుందిగా, అక్కడే కడుక్కోవచ్చుగా అన్నాను.

మావయ్య చెయ్యి ఆపి, మతి పోయిన వాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు.

"బోరు దగ్గరా? ఆ నీళ్ళు మేం తాగుతాం గదరా."

ఈ మాట దగ్గర ఆగి, నాకొచ్చిన కోపాన్ని కొలుద్దామని చాలాసార్లు ప్రయత్నించాను. అప్పటిదాకా వీళ్ళు తెలియక చేస్తున్నారనుకున్నాను. తెలియనివాళ్ళ మీద జాలి పడొచ్చు, జాలి పడటం హాయిగా ఉంటుంది, పైగా మనం గొప్పవాళ్ళమనిపిస్తుంది. కానీ మావయ్యకు తెలుసు. ఏది విషమో, ఎంత విషమో, ఎంత దూరంలో పెట్టాలో అన్నీ తెలుసు. తన మిరపకు తగలకూడదు, తన బోరులో పడకూడదు, తన చేలో ఇంకకూడదు. ఇవన్నీ తీసేస్తే మిగిలింది వాగు. వాగుకు పాసుపుస్తకం లేదు, వాగుకు మావయ్య లేడు. గోతాలు పట్టుకెళ్ళిన వాడికీ తెలుసు, లేకపోతే సీసాలు కుమ్మరించి దులపడు. ట్రాక్టరు వాళ్ళకూ తెలుసు, విషమని వాళ్ళే అన్నారు. అందరికీ తెలిసిన రహస్యాన్ని కాపాడటానికి ఊరంతా ఇంత కష్టపడుతోంది. అందులో సగం కష్టం వాగు కోసం పడి ఉంటే, ఆ నీళ్ళు సీసాల్లో పోసి మా గ్రీన్ బిల్డింగుకు అమ్ముకునేవాళ్ళం.

ఆ క్షణంలో ఏదైనా గొప్ప మాట అనాలి. గొంతు దాకా వచ్చింది కూడా. తీరా నోరు తెరిస్తే, "మళ్ళీ ఆ సబ్బు పొడెందుకు," అన్నాను.

"వాసన పోవాలిగా," అన్నాడు మావయ్య.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఒక్క డ్రమ్ముకు వాగేమవుద్ది అంది, అన్నయ్య అట్టాంటోడు కాదు అని కూడా అంది. రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అడగలేదు. పాస్టర్‌గారికి ఫోన్ చేస్తే పొద్దున్నే చూద్దాం బాబూ అన్నారు. చెల్లి తెల్ల చుడీదారు ఇస్త్రీ చేసుకుంటూ అన్నీ విన్నది.

పొద్దున మంచు ఉంది. డోలక్ వాయించుకుంటూ, పాటలు పాడుకుంటూ రేవుకు వెళ్ళాం. ముందు నడిచినవాళ్ళు మెట్ల దగ్గర ఆగారు. వెనకవాళ్ళకు కనపడక పాట ఇంకాసేపు నడిచింది, తర్వాత అదీ ఆగింది. చేపపిల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి రాయి చుట్టూ తేలుతున్నాయి. చిన్నవి. బుట్టలోకెత్తినా కూరకు చాలవు.

సంఘంలో ఒక పెద్దాయన కాసేపు చూసి, చలికి చచ్చుంటాయిలే అన్నాడు. మా వైపు చలికి చేపలు చావడం అదే మొదటిసారి అయ్యుండాలి. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, నాకది కొత్త.

అమ్మ మావయ్య వైపు తిరిగింది.

"నీ డ్రమ్మేనా అన్నయ్యా?"

"నాదొక్కటేనా? ఊళ్ళో అందరూ ఇక్కడేగా కడిగేది."

"అందరి సంగతి నేనడగలా."

మావయ్య తువ్వాలు భుజం మార్చుకున్నాడు. పాస్టర్‌గారు మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నారు. కాసేపు నీళ్ళకేసి చూసి చెల్లి చెప్పింది, మెల్లగానే చెప్పింది, కానీ గట్టుమీద అందరికీ వినపడింది.

"అమ్మా, నేను దిగను."

దిగమని అమ్మ బతిమాలుతుందేమోనని భయపడ్డాను. బతిమాల్లేదు. మెట్లు దిగి రాయి దాకా వెళ్ళి, చీర కుచ్చిళ్ళు తడవకుండా పట్టుకుని, నీళ్ళలో కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. ఆ కాలు వెనక్కి తీసుకోవడమే నేను మర్చిపోలేకపోతున్నాను. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళలో బట్టలుతికింది, స్నానం చేసింది, దేవుడికి మాటిచ్చింది. ఇప్పుడు కాలు పెట్టడానికి భయపడింది. ఒక మనిషి నుంచి ఇంత తీసేసుకుని, మా ఊరు ఆమెకు తిరిగిచ్చిన సమాధానం: అందరూ ఇక్కడేగా కడిగేది.

తర్వాత తొట్టి కట్టారు. పనులు అంత చురుగ్గా జరగడం మా సంఘంలో ఎప్పుడూ చూడలేదు. అందరికంటే ముందు సిమెంటు బస్తాలు దింపింది మావయ్యే. లోపల నీలం టైల్స్ వేశారు, వాగులా ఉంటుందని. చెల్లి బాప్తిస్మం అందులోనే అయింది. మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. చెల్లి పైకి లేచి జుట్టు పిండుకుంటూ, నీళ్ళు బాగున్నాయమ్మా అంది.

"ఎక్కడివి?" అని అమ్మ నన్ను అడిగింది.

"మావయ్య బోరువి."

అమ్మ ఏమీ అనలేదు. ఈసారిది మెచ్చుకోవడం కాదు.

ఇప్పుడు రేవులో దిగేవాళ్ళు లేరు కాబట్టి ఏ రోజు కడగాలన్న మొహమాటం కూడా ఎవరికీ లేదు. మావయ్య డ్రమ్ము అక్కడే కడుగుతున్నాడు, అదే శ్రద్ధతో. తొట్టి నీళ్ళు బాప్తిస్మం అయ్యాక పక్క కాలవలోకి వదులుతారు, ఆ కాలవ వెళ్ళి వాగులో కలుస్తుంది. అలా వాగులోకి కాసిని మంచినీళ్ళు పోతున్నాయి, కాకపోతే మెల్లగా పోతున్నాయి. తొట్టి అడుగున వేసింది రెండంగుళాల పైపు. మూడంగుళాలది వేయాల్సింది, ఆ రోజు చిలకలూరిపేటలో స్టాకు లేదు.