మూడో రెక్క

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒక కోడలు. బాలి ఆ బాపతు. ఆమెకు ఎండ కష్టం కాదు, చాకిరీ కష్టం కాదు, నిండు గోదారి కూడా కష్టం కాదు. తోడికోడలు సోనిని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఆ పూట అన్నం సహించదు.

బాలి మామ రెడ్యా భద్రాచలానికి దిగువన గోదారి లంకలో కౌలుకు మిరపతోట వేస్తాడు. కూలీలను లంకకు చేర్చడానికి, బస్తాలు తండా రేవుకు తేవడానికి ఒక పాత నాటుపడవ కొన్నాడు. అడవీ చేనూ తప్ప నీళ్ళతో పనిపడిన వంశం కాదు వాళ్ళది. పడవ అమ్మిన ముసలాయన ఒక వేసవి ఉండి తెరచాప పట్టడం నేర్పిస్తానంటే మగవాళ్ళంతా వెనక్కి జరిగారు. కొత్త కోడలు బాలి ముందుకొచ్చింది. అప్పటినుంచి చుక్కాని ఆమెదే. పొద్దున వాలుకు పడవ దానంతటదే లంకకు పోతుంది. మధ్యాహ్నం దాటాక దిగువ నుంచి గాలి లేస్తుంది, అప్పుడు తెరచాప ఎత్తితే బస్తాలతో సహా ఎగువకు తెచ్చేస్తుంది. ఆ గాలి ఎప్పుడు లేస్తుందో, ఏ వంపులో పడిపోతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "గాలి బాలి మాట వింటది" అనేవాళ్ళు కూలి ఆడవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె జానెడు పొడుగయ్యేది.

అలాంటి ఇంటికి చిన్నకోడలుగా సోని వచ్చింది. ముదిగొండ పిల్ల, ఖమ్మంలో ఐటీఐ చదివి ట్రాక్టర్ల షెడ్డులో పనిచేసిన మనిషి. గాలి లేని రోజున కూలీలు లంకలో చిక్కుకుపోవడం చూసి, మామను ఒప్పించి పడవకు డీజిల్ ఇంజిన్ పెట్టించింది. గాలి ఉన్నంతసేపు తెరచాప, గాలి పడిపోతే ఇంజిన్. ఇంకేముంది, తండా అంతా సోని జపం మొదలుపెట్టింది. బాలి వండిన కూరను ఏనాడూ వంక పెట్టకుండా తినని అత్త జమ్లి కూడా, "చిన్నకోడలు ఇనుముతోని గూడ మాట్లాడిపిస్తది" అని ఊరంతా చెప్పుకుని మురిసింది. బాలి మొగుడు కోటేష్ నోరు జారి, "సోని లేకుంటే ఇయ్యాల లంకలనే పండేటోళ్ళం" అన్నాడు. ఆ పూట అతని పప్పులో ఉప్పు పడలేదు.

నీళ్ళు తగ్గే రోజుల్లో ఒకసారి ఫ్యాను రాయికి తగిలి విరిగింది. ఇంజిన్ తిరిగితే పడవ వెనక నీళ్ళను తోసే రెక్కలను అక్కడ ఫ్యానే అంటారు. సోని రాజమండ్రి పోయి రెండు రకాలు తెచ్చింది, ఒకటి రెండు రెక్కలది, ఒకటి మూడు రెక్కలది. నచ్చనిది వాపసు తీసుకుంటానన్నాడట దుకాణదారు. పడవను ఒడ్డుకు లాగి ఒక్కొక్కటీ తొడిగి చూసింది. రెండు రెక్కలది తొడిగినప్పుడు పడవలోకి ఎక్కి, ఇంజిన్ నుంచి ఫ్యానుకు పోయే ఇరుసు మీద తన ఎర్ర గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టింది. బాలి అది చూసి మూతి తిప్పుకుంది. ఇనుముకు కూడా సింగారమా!

రెడ్యా ఇద్దరినీ పిలిచాడు. "ఇంజిన్ చిన్నదానిది, చుక్కాని నీది. పెద్దదానివి, ఏది పెట్టాల్నో నువ్వే చెప్పు బాలీ" అన్నాడు.

"అక్కా, నాకైతే రెండు రెక్కలదే మంచిగనిపిస్తుంది" అంది సోని. "మూడు రెక్కలది గట్టిగ తోస్తది, అవ్. కానీ తెరచాప మీద పొయ్యేటప్పుడు నీళ్ళల్ల అడ్డం పడ్తది. రెండు రెక్కలదైతే నిలువుగ ఆపుకుంటే పడవ వెనక నిలువు దూలం చాటుకు పోతది, నీళ్ళకు తగల్నే తగలదు. మనకు సగం దారి తెరచాపే గద."

మాట బాలికి బాగానే అర్థమైంది. అర్థమయ్యాకే అనుమానం పుట్టింది. ఇంజిన్ తనదై ఉండి బలం తక్కువది ఎందుకు అడుగుతుంది? రేపు పడవ నడవకపోతే 'అక్క తెరచాప కోసం చిన్నది పెట్టిన' అని నలుగురిలో చెప్పుకోవడానికి కాదూ? నిజానికి ఆ అనుమానాలన్నీ సాకులు. సోని నోట్లోంచి వచ్చింది కాబట్టి తేనె కూడా చేదే.

"మూడు రెక్కలదే పెట్టు" అంది.

"ఒక్కసారి ఆలోచించు అక్కా..."

"అడిగింది నన్ను గద? చెప్పిన."

మొదటిరోజే తెలిసివచ్చింది. తెరచాప పొట్ట ఉబ్బించుకుని లాగుతూనే ఉంది, పడవను మాత్రం ఎవరో తోక పట్టుకుని వెనక్కి గుంజుతున్నట్టుంది. చుక్కాని చేతికి బరువెక్కింది. పొద్దు వాలిపోతుంటే పడవ వంపు దగ్గరే నీలుగుతోంది. ఇళ్ళ దగ్గర పిల్లలున్న ఆడవాళ్ళు ఎంతసేపని ఊరుకుంటారు? "సోనీ, జల్దీ నీ ఇంజిన్ పెట్టమ్మా" అన్నారు. మూడు రెక్కలు తిరిగేసరికి పడవ ఎద్దు పొడిచినట్టు ముందుకు దూకింది. అందరూ సోనిని నెత్తిన పెట్టుకున్నారు. బాలి తెరచాప చుట్టి పెట్టి మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. తోడికోడలికి తన నోటితో తానే పట్టం కట్టింది. ఎవరితో చెప్పుకుంటుంది? రోజూ అదే తంతు. చివరికి గాలి ఉన్న రోజున కూడా తెరచాప ఎత్తమని అడిగేవాళ్ళు లేకపోయారు.

ఒకరోజు అన్నాల దగ్గర రెడ్యా అన్నాడు, "ఇంక తెరచాప ఎందుకు? ఉగాదికి ఆ కొయ్య పీకేద్దం. ఆ జాగల ఇంకిన్ని బస్తాలు పడ్తయి."

"మంచిదే" అంది జమ్లి. "పెద్దదానికి గూడ తిప్పలు తప్పుతయి. గట్టు మీద కూసోని కూలోళ్ళను చూసుకుంటది."

బాలి కంచం ముందు నుంచి లేచిపోయింది. పడవలోకి పోయి, తెరచాప కొయ్యను పట్టుకుని ఏడ్చింది. ఆ కొయ్య పోతే పడవలో ఆమె కూడా ఒక బస్తా కిందే లెక్క. అత్తతో చెబితే 'నువ్వే కోరితివి గద' అంటుంది. మామతో చెబితే పరువు పోతుంది. పడవను బాగుచేయగలిగింది సోని ఒక్కతే, ఆ ఒక్కదాన్నే అడగడానికి మనసొప్పదు. బాలి సోని గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది.

సోని సబ్బుపొడితో చేతుల గ్రీసు కడుక్కుంటోంది.

"ఆ రెండు రెక్కలది వాపస్ ఇచ్చినవా?"

"లే అక్కా."

"ఎందుకియ్యలే?"

"నువ్వడుగుతవని."

సాయం అందుతుంటే కూడా బాలికి ఒళ్ళు మండింది. అడుగుతానని ముందే తెలుసా! అంత తెలివా దీనికి!

మర్నాడు ఫ్యాను మార్చారు. సోని పడవలోకి పిలిచి ఇరుసు మీది ఎర్రచుక్క చూపించింది. "ఇంజిన్ ఆపినంక దీన్ని చేత్తోని తిప్పు. ఈ చుక్క పైకి రాంగనే గేర్ల వేసెయ్, ఇంక తిరగదు. రెక్కలు దూలం చాటున దాక్కున్నట్టే."

బాలి ఆ చుక్కను చూస్తూ ఉండిపోయింది. మామ తనను అడగకముందే, తాను ఏ మాటా చెప్పకముందే పెట్టిన చుక్క అది. సింగారమనుకుని మూతి తిప్పుకున్నది తన తెరచాప కోసం పెట్టిన గుర్తు. సోని నాలుగు మాటలు తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు.

ఆ మధ్యాహ్నం తెరచాప ఎత్తగానే పడవ సాగిపోయింది. చుక్కాని పసిపిల్ల వేలు పట్టుకున్నంత తేలిగ్గా ఉంది. బాలికి ప్రాణం లేచివచ్చింది.

"సోని కొత్త ఫ్యాను పెట్టింది, చూడు పడవ ఎట్ల ఉరుకుతుందో!" అంది ఒకామె.

బాలి సోని వైపు చూసింది. 'అది అక్క తెరచాప' అంటుందేమోనని ఆశపడింది. సోని మెప్పంతా మూటగట్టుకుని నవ్వుతూ కూర్చుంది. బాలి మళ్ళీ మూతి తిప్పుకుంది.

వంపు దగ్గర గాలి అందక తెరచాప ముడుచుకుంది. సోని చటుక్కున లేచి ఇంజిన్ మీద చెయ్యి వేసింది.

"కూసో" అంది బాలి. "గాలి యాడికీ పోలే."

చుక్కాని అవతలి ఒడ్డు వైపు తిప్పింది. పడవ నెమ్మదిగా వాలింది. గాలికి అడ్డుపడిన చెట్ల చాటు దాటగానే తెరచాప ఫెళ్ళున విచ్చుకుంది, పడవ రేవు దాకా ఎక్కడా ఆగలేదు.

"గాలి ఎప్పటికీ బాలి మాటే వింటది!" ఆడవాళ్ళంతా ఒక్కసారే అరిచారు. ఒడ్డున నిలబడి చూసిన రెడ్యా, పడవ ఎక్కి కొయ్య మీద చెయ్యి వేసి, "ఉండనీ తియ్" అన్నాడు.

సోని నవ్వు ఆగిపోయింది. పెదవి బిగించి, చేతిలో పనేమీ లేకపోయినా ఇంజిన్‌ను గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఆ మొహం బాలికి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ తాను పెట్టుకు తిరిగిన మొహమే అది.

ఆ పూట బాలి కడుపునిండా తిన్నది. సోనికి అన్నం సహించలేదు.