తినని ముద్ద

ఆ మధ్య మా సంఘంలో ఆడవాళ్ళ కూడిక అయ్యాక ఒక అమ్మాయి నా పక్కన చేరి, "దొంగ బోధకుణ్ణి ఎలా గుర్తుపట్టాలి మామ్మా?" అని అడిగింది. ఆమె చేతిలో పాస్టరుగారు పంచిన కాగితం ఉంది. అందులో గుర్తులు వరసగా అచ్చువేసి ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, వయోజనుల బడిలో. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. కాగితంలో రాసినవన్నీ నిజమే. అయితే నేను అలాంటి మనిషిని గుర్తుపట్టిన రోజుల్లో నాకు పలక పట్టడం కూడా రాదు. వంకాయ వేసిన ఎండునెత్తళ్ళ చేపల పులుసు వల్ల గుర్తుపట్టాను. ఇది ఆ అమ్మాయికి మందిరం మెట్ల మీద నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను.

అరవైల చివరి మాట. నా భర్తకి రైల్వేలో గ్యాంగు పని దొరికి కొత్తవలస వచ్చాం. కొండల్లోకి కొత్త లైను వేసిన రోజులవి. ఆయన పదిహేను రోజులు పైన డేరాల్లో ఉండి, రెండు రోజులు ఇంటికి వచ్చేవాడు. పిల్లలు ఇంకా లేరు. ఒక గది, ఒక పొయ్యి, నేను. ఒక్కదానికి వండుకోవడం నాకు చేతనయ్యేది కాదు. ఎంత తక్కువ బియ్యం పోసినా మర్నాటికి మిగిలేది. ఆ చద్దన్నం తింటూ గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. బావి దగ్గరికి వెళ్తే నేను కిరస్తానీ మనిషినని బిందెలు కాస్త పక్కకి జరిగేవి. ఊరి ఆ చివర మా బొబ్బిలి వైపు కిరస్తానీ గుడిలాంటిదే ఒకటి ఉంటే మూడు ఆదివారాలు వెళ్ళాను. పాటలు నాకు వచ్చినవే. కానీ ఎవరమ్మా నువ్వు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పగలు ఖాళీగా ఉండలేక చింతపండు కొట్టే పనికి కుదిరాను. కొండల నుంచి వచ్చిన చింతకాయల్ని షావుకారు పెరట్లో పోసేవారు. గోనెలు పరుచుకుని ఆడవాళ్ళం వరసగా కూర్చుని, పెంకు ఒలిచి, ఈనెలు తీసి, రాతి మీద కర్రతో కొట్టి పిక్కలు రాల్చేవాళ్ళం. సాయంత్రానికి గోళ్ళ సందుల్లో పులుపు దిగి మండేది. మొదటి రోజు నా పక్క గోనె మీద కూర్చున్నామె నాకంటే పదేళ్ళు పెద్ద, భర్త పోయిన మనిషి. నా చేతివాటం చూసి నవ్వింది.

"ఏ ఊరే నీది?"

"బొబ్బిలి దగ్గర."

"అలాగా! బొబ్బిలోళ్ళకి పౌరుషమెక్కువంట గదా. ఆ పిక్క మీద సూపించు కాసింత. అలా బుజ్జగిస్తే అది రాలదు."

చాలా రోజుల తరవాత నవ్వాను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆ రోజు నుంచి ఆమె నాకు అప్ప. తలనొప్పి అంటే అల్లం దంచి పట్టు వేసేది. నా జడ వంకరగా ఉంటే గోనె మీదే కూర్చోబెట్టి విప్పి అల్లేది. వాళ్ళ ప్రార్థనకి నన్ను తీసుకువెళ్ళింది కూడా అప్పే.

రైలు కట్ట పక్కన ఒక పెంకుటిల్లు. ముప్పైమంది దాకా ఉంటారు. వాళ్ళ పెద్దని నాయనగారు అనేవారు. నలభై ఏళ్ళ మనిషి, తెల్ల పంచె, మెత్తటి గొంతు. పాత సంఘాల్లో ఆత్మ చచ్చిపోయిందని బయటికి వచ్చేశాడట. నన్ను ముందు చాప మీద కూర్చోబెట్టారు. ఊరు అడిగారు, అమ్మానాన్నల సంగతి అడిగారు, నాకోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేశారు. నేను ఏడ్చాను. ఈ రోజుకీ ఆ ఏడుపు దొంగ ఏడుపని అనలేను.

కట్టుబాట్లు ఒకేసారి చెప్పి ఉంటే లేచి వచ్చేసేదాన్ని. ఒక్కొక్కటే వచ్చాయి. మొదట పాత గుడికి వెళ్ళవద్దన్నారు. అది కష్టం కాలేదు. తరవాత బయటివాళ్ళ ఇంట్లో ముద్ద ముట్టవద్దన్నారు. నన్ను భోజనానికి పిలిచేవాళ్ళే లేరు గనక అదీ కష్టం కాలేదు. ఆ తరవాత ఎప్పుడో, మన గుంపులో లేనివాళ్ళందరూ బయటివాళ్ళే, కన్నవాళ్ళయినా సరే అన్నారు. అప్పటికి నేను తల ఊపడం నేర్చుకున్నాను. నా భర్తకి చెబితే ఆయన బూట్లు విప్పుకుంటూ, "నాకైతే అర్థం కాదు గానీ, నీకు మాటాడుకోడానికి నలుగురున్నారు. అది సాలు" అన్నాడు.

ఆదివారం పాటలయ్యాక నాయనగారు కళ్ళు మూసుకుని వణికేవాడు. ఎవరో ఒకరు ఆ వారం రహస్యంగా చేసిన తప్పు ఆయనకి కనిపించేది. ఒకామె బిడ్డకి జ్వరమొస్తే తాయెత్తు కట్టించింది. ఒకతను విజయనగరం వెళ్ళి సినిమా చూశాడు. వాళ్ళు లేచి నిలబడి ఏడ్చి ఒప్పుకునేవారు. ఆయన మాట ఎప్పుడూ తప్పేది కాదు. నాకు ఒళ్ళు జలదరించేది. ఆ భయంలోనే ఏదో ఆసరా కూడా ఉండేది. నన్ను చూసేవాళ్ళే లేని ఊళ్ళో దేవుడు ఇంత దగ్గరగా చూస్తున్నాడా అనుకునేదాన్ని.

ఆ ఎండాకాలం మా అన్న ఎవరిచేతో కబురు పంపాడు. అమ్మ పెరట్లో పడిపోయిందట, కుడిచెయ్యి లేవడం లేదట, నన్ను అడుగుతోందట. నాయనగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "సహోదరీ, మృతులు తమ మంచముల మీద మృతులుగానే ఉన్నారు. నీవు వెళ్ళిన యెడల మరల ఈ గడప తొక్కవద్దు" అన్నాడు, ఎంతో జాలిగా. బయటివాళ్ళని ఆయన మృతులనే అనేవాడు.

ఆ మంగళవారం పనికి వెళ్ళకుండా స్టేషనుకి వెళ్ళాను. బొబ్బిలికి టిక్కెట్టు తీసుకున్నాను. ప్యాసింజరు వచ్చింది. నా ఎదురుగానే పెట్టె తలుపు తెరిచి ఉంది. అమ్మ దగ్గరికి వెళ్తే ఈ ఊళ్ళో మళ్ళీ నాకు ఎవరూ ఉండరు. అప్ప ఉండదు. వెనక్కి వచ్చి స్టేషను బల్ల మీద కూర్చున్నాను. రైలు వెళ్ళిపోయింది. టిక్కెట్టు గుప్పిట్లో పెట్టుకుని సాయంత్రం దాకా ఆ బల్ల మీదే కూర్చున్నాను.

మర్నాడు పనిలో అప్ప గొంతు తగ్గించి అడిగింది. "ఏటే, నిన్న రానేదు?"

వెళ్ళలేదని చెబితే మెచ్చుకుంటుంది, నాయనగారి మాట నిలబెట్టావంటుంది. ఆ మెప్పు నేను భరించలేననిపించింది. "అమ్మని సూసొచ్చీసినాను" అన్నాను.

అప్ప చేతిలో కర్ర ఆగింది. "నిజిఁవే?"

"ఊఁ. ఆ ఎడమచేత్తోనే ముద్ద కలిపి పెట్టింది. వంకాయేసి ఎండునెత్తళ్ళ పులుసు కాసింది. పీటేసుకుని పక్కన కూకున్నాను." చెబుతుంటే నాకే కడుపు నిండినట్టయింది. ఇంకా చెప్పాను. పళ్ళెం అంచు చొట్ట సంగతి కూడా చెప్పాను.

అప్ప కళ్ళు తుడుచుకుంది. "అదురుష్టవంతురాలివే. మాయమ్మ సేతి ముద్ద ఎలాగుండేదో నాకు గురుతు కూడా నేదు. ఎవుళితోటీ అనకు. నానూ అనను."

ఆ ఆదివారం నాయనగారు ఎప్పటికంటే ఎక్కువసేపు వణికాడు.

"ఒక సహోదరి మృతుల ఇంట పీట వేసుకొని కూర్చున్నది. తల్లి ఎడమచేయి నాకు కనబడుచున్నది. ముద్ద కలుపుచున్నది. పళ్ళెములో వంకాయ, నెత్తళ్ళు... ఆ పులుసు వాసన ఇదిగో, నా ముక్కుకు తగులుచున్నది!"

గదిలో మూలుగులు మొదలయ్యాయి. నాకు మాత్రం ఎండాకాలంలో చల్లనీళ్ళు నెత్తిన పడ్డట్టయింది. ఆ పులుసు ఎక్కడా ఉడకలేదు. నేను ఆ రైలే ఎక్కలేదు. ఆ ముద్ద నా నోట్లోంచి పుట్టి, అప్ప చెవిలో మాత్రమే పడింది. దేవుడే చూపిస్తే, బల్ల మీద టిక్కెట్టు నలుపుతూ కూర్చున్న నన్ను చూపించేవాడు కదా. జరగని దాన్ని దేవుడెందుకు చూపిస్తాడు?

ఎంతో కాలానికి అక్షరాలు వచ్చాక, ప్రతి ఆత్మనీ నమ్మకుండా పరీక్షించి చూడమని వాక్యంలో రాసి ఉన్న చోటు దొరికింది. అక్కడ వేలు ఆపి చాలాసేపు కూర్చున్నాను. తెలియకుండానే నేను చేసిన పరీక్ష అదే. అబద్ధమాడి చేసినందుకు మాత్రం ఇప్పటికీ క్షమాపణ అడుగుతూనే ఉంటాను.

ఆ ఆదివారం, ఆ గదిలో, అప్ప వైపు చూశాను. తల దించుకుని చాప ఈనెలు పీకుతోంది.

"ఆ సహోదరి లేచి నిలుచునుగాక."

లేచాను. "నాను ఎల్లనేదు నాయనగారూ. టేసను దాకా ఎల్లి తిరిగొచ్చీసినాను. ఏటీ తిననేదు."

"ఆత్మతో అబద్ధమాడుచున్నావా?"

అప్పతో అబద్ధమాడితే అందరూ నమ్మారు. అందరి ముందూ నిజం చెబితే అబద్ధమంటున్నారు. అప్పని అడగండి అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఆమెని కూడా లేపి నిలబెడతారు. ఆమెకి మాత్రం ఆ గుంపు తప్ప ఎవరున్నారు? ఊరుకున్నాను. ఒప్పుకునేదాకా ఎవరూ నాతో మాట్లాడకూడదని, నా చేతి నీళ్ళు తాగకూడదని నాయనగారు చెప్పాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్కదాన్నీ ఇంటికి నడిచాను. వెనక పాట మొదలైంది.

సోమవారం ప్యాసింజరు ఎక్కాను. ఈసారి తలుపు ముందు ఆలోచించలేదు.

అమ్మ నులకమంచం మీద, ఎండుటాకులా ఉంది. కుడిచెయ్యి పక్కన ఎవరిదో వస్తువులా పడి ఉంది. ఇంట్లో నెత్తళ్ళు లేవు, వంకాయలూ లేవు. వదిన చోడి అంబలి కాచి ఇస్తే నేనే చెంబుతో కొంచెం కొంచెం తాగించాను. తాగించి, అన్నీ చెప్పేశాను. స్టేషను, టిక్కెట్టు, పులుసు, ఏదీ దాచలేదు.

అమ్మ అంతా విని, "పులుసులో వంకాయ ఏసినానా?" అంది.

"ఏసినావు."

"ఉప్పు సరిపోనాదా?"

"సరిపోనాది."

"అయితే నానే కాసుంటాను" అని నవ్వింది. సగం మొహమే నవ్వింది. కాసేపు ఊపిరి తీసుకుని అంది: "నన్ను సూడొద్దన్నాడా ఆడు? ఒసే, మేకులు దిగి సిలవ మీద ఏలాడతా కూడా ఆయన తల్లిని సూసుకోమని సెప్పినాడు గదే. ఏటేటా సుభశుక్కురారం ఇంటన్నావు. ఏటి ఇన్నావు నువ్వు?"

అమ్మకీ చదువు రాదు. ఏటేటా విని గుర్తుపెట్టుకుంది. నేనూ ఆమె పక్కనే కూర్చుని విన్నాను. కానీ తోడు కావలసి వచ్చినప్పుడు అది గుర్తురాలేదు.

నాలుగు రోజులుండి తిరిగి వచ్చాను. షావుకారు పెరట్లో అప్ప గోనె అవతలి చివరికి మారిపోయింది. నా పక్కన రాయి మాత్రం ఉంది. ఆ వరసలో గుంపుకి చెందిన ఆడవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు నా మీదుగా మాట్లాడుకునేవారు, నేను అక్కడ లేనట్టు. పాత గుడికి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ చివరి బెంచీ మీద కూర్చుని వచ్చేసేదాన్ని. జడ నేనే అల్లుకునేదాన్ని, వంకరగానే. దొంగ బోధకుణ్ణి గుర్తుపట్టడం ఒక్క నిమిషంలో అయిపోయింది. ఆ తరవాత ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో మాట్లాడాలో తెలియని రోజుల గురించి పాస్టరుగారి కాగితంలో లేదు. నాయనగారి అబద్ధం కంటే అప్ప నవ్వు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రెండుమూడుసార్లు, వెళ్ళి తిన్నానని ఒప్పేసుకుందామా అని కూడా అనుకున్నాను. ఒక ముద్దే కదా. ప్రతిసారీ అమ్మ సగం నవ్వు అడ్డం వచ్చేది.

ఇంకో రెండుసార్లు వెళ్ళి అమ్మని చూశాను. తొలకరి పడ్డ వారంలో అమ్మ పోయింది. మట్టి చేసి, కొత్తవలస తిరిగి వచ్చేసరికి చింతపండు పని చివరికొచ్చింది. వాన తడి తగలకుండా బుట్టలన్నీ లోపలికి చేరవేస్తున్నారు. ఒక బుట్టకి ఈ అంచు నేను పట్టుకుంటే ఆ అంచు అప్ప చేతికి వచ్చింది. ఇద్దరం కలిసి అరుగు మీద దించాం. దించాక, తల ఎత్తకుండానే, చాలా మెల్లగా అడిగింది.

"మీయమ్మకెలాగున్నాదే?"

మూడు నెలల తరవాత అప్ప నాతో అన్న మొదటి మాట. ఆమె భుజం మీద పడి ఏడవాలని ఒళ్ళంతా కొట్టుకుంది. అమ్మ చివరి రోజు ఎడమచేత్తో నా బుగ్గ నిమిరిందని చెప్పాలనిపించింది. నోరు తెరిచాను. వచ్చే ఆదివారం నాయనగారు కళ్ళు మూసుకుని, "ఒక తల్లి ఎడమచేయి నాకు కనబడుచున్నది" అనడం అప్పుడే నా చెవుల్లో వినిపించింది.

"బాగున్నాది అప్పా" అన్నాను.

అప్ప తల ఊపి, చేతులకంటిన పులుపు చెంగుకి తుడుచుకుని, ఇంకో బుట్టకోసం వెళ్ళింది. ఆ మాట ఎవరితోనైనా చెప్పిందో లేదో నాకు తెలియదు. నాయనగారు పంపితే అడిగిందా, తనే నాకోసం అడిగిందా, అదీ తెలియదు. నాకోసమే అడిగి ఉంటే, ఆ ఊళ్ళో మా అమ్మ ఎలా ఉందని నన్ను అడిగిన ఒకే ఒక్క మనిషికి నేను అబద్ధం చెప్పాను.