ఎవరి మనిషీ కాని ఆయన

మా వైపు ఒకరిని నమ్మాలంటే అడిగే ప్రశ్న ఒకటే: ఎవరి మనిషి? డాక్టరైనా, బోరు వేసేవాడైనా, పెండ్లికి వంట చేసేవాడైనా అంతే. పని వచ్చా రాదా అన్నది తర్వాతి సంగతి. బాంబుల కాలం పోయి పార్టీల కాలం వచ్చినా ప్రశ్న మాత్రం మారలేదు. మా అమ్మ ఆ ప్రశ్న అడిగే మోసపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ పెద్దముడియం దగ్గర ఒక ఊరి బడిలో టీచరు. మేముండేది జమ్మలమడుగులో. బడి ఉన్న ఊర్లో వర్గాలు రెండు, టీ అంగళ్లు రెండు, చవితికి వినాయకులు కూడా ఇద్దరు. బడి ఒక్కటే ఒకటి. రెండు వర్గాల పిల్లలూ అక్కడ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. టీచరమ్మ ఎవరి మనిషీ కాదు గనక. ఒక అంగట్లో టీ తాగితే రెండోదాంట్లోనూ తాగాలి. అందుకని అమ్మ అన్నేళ్లూ ఇంటి నుంచి ఫ్లాస్కు మోసింది.

స్టాఫ్‌రూములో ఇన్‌కంట్యాక్సు రిటర్నులు వేసే ఒకాయన పేరు మోగిపోతుండేది. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక, మేడ మీద గది. ఆయన రిటర్ను వేస్తే కట్టిన ట్యాక్సు వెనక్కి వస్తుందంట. వచ్చినదాంట్లో ఆయనకు వాటా. అమ్మతో నేనూ పోయినా. అమ్మ నాలుగు గోడలూ చూసింది. ఏ నాయకుడి ఫోటో లేదు. "యా ఊరప్పా మీది?" అని అడిగింది. కర్నూలు వైపంట. మా అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఈయప్ప ఎవరి మనిషీ కాదురా" అని నా చెవిలో ఊదింది.

ఆయన ఒక్క కాగితం అడగలేదు. పాస్‌వర్డూ, ఫోనుకొచ్చిన ఓటీపీ మాత్రం అడిగినాడు.

"టైలరు కూడా కొలత తీసుకుంటాడు గదమ్మా" అన్నా.

"నోరు మూసుకో" అంది అమ్మ.

దుడ్లు వచ్చినాయి. వాటా పోను మిగిలినదాంతో గ్రైండరు కొన్నాం. మరుసటేడు ట్యాక్సు డిపార్టుమెంటు నుంచి మెసేజీ: మీ రిటర్నులో చూపిన మినహాయింపులు ఒకసారి సరిచూసుకోండి. నేను కంప్యూటర్లో తెరిచి చూసినా.

"అమ్మా, రాజకీయాల్లోకి ఎప్పుడొచ్చినావు?"

"ఏందిరా?"

"పార్టీకి చందా ఇచ్చినావంట. లక్షకు పైనే."

వెల్లుల్లి వలుస్తున్న అమ్మ చేయి ఆగిపోయింది. సర్కారు ఉద్యోగి పార్టీకి చందా ఇచ్చినాడంటే ఉద్యోగానికే ముప్పు. ఆ ఊర్లో అయితే అంతకంటే పెద్దది పోతుంది, ఎవరి మనిషీ కాదన్న పేరు.

మరుసటి రోజే ప్రొద్దుటూరు పోయినాం.

"నేను ఒక్క రూపాయి ఇయ్యలేదు గదప్పా?" అంది అమ్మ.

"ఇచ్చినట్టు రాస్తేనే గదా మేడం వెనక్కొచ్చేది. అందరికీ అదే పెట్టినా. శానా సేఫు."

ఏ పార్టీ అని అడిగితే కంప్యూటర్లో వెతుక్కొని చెప్పినాడు. ఎప్పుడూ విన్న పేరు కాదు.

"ఎన్నికల్లో నిలబడతాదా అది?" అన్నా నేను.

"నిలబడదు."

"గెలిచేది లేదు, ఓడేది లేదు. మా అమ్మకు సరిగ్గా సరిపోయిన పార్టీ."

అమ్మ నవ్వలేదు. ఆయన నవ్వినాడు. నవ్వుతూనే అన్నాడు: "రిటర్ను మీద ఉండేది మీ పేరు మేడం. నా సంతకం యాడుంది చూపించండి?"

ఆ ముక్క దగ్గర నా జోకులు అయిపోయినాయి.

అమ్మ తోటి టీచరుకు ఫోనులో చెప్పుకున్న మాట ఆటో ఎక్కి మాకంటే ముందే ఊరు చేరింది. పొద్దున ఒక వర్గం పెద్దాయన బడి గడపలోకి వచ్చినాడు. "ఏం టీచరమ్మా, మా టీ నీకు గొంతు దిగదు గానీ వాళ్లకు లక్షలిస్తాండావంట?" మధ్యాహ్నం రెండో వర్గం పెద్దాయన వచ్చి అదే మాట అడిగినాడు. అమ్మ ఎంత చెప్పినా ఇద్దరూ నమ్మలేదు. సోమవారానికి బెంచీలు రెండుగా చీలినాయి. ఒక వర్గం పిల్లలు కిటికీ వైపు, ఇంకో వర్గం పిల్లలు తలుపు వైపు. ఆ సాయంత్రం ఫ్లాస్కులో టీ పోసినది పోసినట్టే ఇంటికొచ్చింది.

చర్చిలో ఒకామె చెబితే పులివెందులలో ఒక ఆడిటరు దగ్గరికి పోయినాం. లోపల గోడ నిండా నాయకుడి ఫోటో. అమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"ఫోటో లెక్కలు వెయ్యదు, లోపలికి రా" అని చెయ్యి పట్టుకొని లాగినా.

ఆయన ఫీజు ముందే చెప్పినాడు. వాటా గీటా లేదు. జీతం కాగితం యాది, ఇంటి లోనుందా, పిల్లోని ఫీజు రసీదులేవి అని పోలీసాయన మాదిరి అడిగినాడు.

"ఎంత వెనక్కొస్తాది సార్?"

"రాదు. మీరే కట్టల్ల. వడ్డీ, దాని మీద ఇంకొంత."

మాకేమీ రాదని చెప్పిన మొదటి మనిషి ఆయనే. రిటర్ను సరిచేసి మళ్లీ వేస్తూ ప్రతి పంక్తీ అమ్మతో చదివించి, ఓటీపీ అమ్మనే కొట్టమని, కాపీ చేతికిచ్చినాడు. చందా దగ్గర సున్నా ఉంది. గ్రైండరును పది మార్లు అమ్మినా తీరని డబ్బు కట్టినాం.

అంతలో ఇంకో సంగతి బయటపడింది. ఊర్లో రెండు వర్గాల పెద్దలూ కాంట్రాక్టర్లే. ఇద్దరూ రిటర్నులు ఆ మేడ మీదే వేయించుకున్నారు. ఇద్దరికీ అదే మెసేజీ. ఇద్దరి చందా అదే పార్టీకి. ఒక పొద్దున ఇద్దరూ బడికొచ్చినారు, పులివెందులాయన నంబరు కోసం. నేనూ ఆ రోజు అమ్మతో ఉన్నా.

"ఆ మేడ మీదోని కాళ్లు ఇరగ్గొడతాం" అన్నాడొకాయన.

"రెండూ" అన్నాడు రెండో ఆయన. వాళ్లిద్దరికీ మాట కలవడం నేను చూడటం అదే మొదలు.

"కాళ్లు మళ్లీ అతుక్కుంటాయి" అంది అమ్మ. సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. "వాని మీద ఫిర్యాదు రాసినా. సంతకాలు పెట్టండి."

ఒకాయనకు కండ్లద్దాలు కనపడలేదు. రెండో ఆయనకు ఫోనొచ్చింది, మోగకుండానే.

"బాంబులకు లేని భయం పెన్నుకేంది మామా?" అన్నా.

అమ్మ ఒక్కతే సంతకం చేసింది. "నేనెవరి మనిషినని గదా అడుగుతాండారు? ఈ సంతకం పెట్టిన మనిషిని." ఆమె గొంతు అంత గట్టిగా లేవడం ఎప్పుడూ వినలేదు. పిల్లల వైపు తిరిగింది. "బెంచీలు కలపండి."

పిల్లలు వాళ్ల పెద్దోళ్ల ముఖాలు చూసినారు. పెద్దోళ్లు నేల చూసుకుంటున్నారు. ముందు ఒక బెంచీ కదిలింది, తర్వాత అన్నీ కదిలినాయి, బండల మీద గర్రుమంటూ.